నానా బయటి వంటిల్లు

మొదటి ఆదివారం పొద్దున్నే ఇంటి ఓనరు పెద్దావిడ నా తలుపు తట్టి, చేతిలో రెండు కొబ్బరి చిప్పలు పెట్టి, వెనక్కి రమ్మని సైగ చేసింది. ఇంటి వెనక రేకుల కప్పు కింద, మూడు వైపులా గోడల్లేని వంటిల్లు ఉంది. నేల మీద చిన్న చెక్కపీట. పీట ముందు పొడుచుకొచ్చిన ఇనప నాలుక, దాని అంచంతా పళ్ళు. నాకెవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. పీట మీద కూర్చుని చిప్పని పళ్ళకి ఆనించి తిప్పడం మొదలుపెట్టాను. ఆవిడ కాసేపు అలాగే నిలబడి చూసింది. "నీకెవరు నేర్పారు?" అంది. మా అమ్మమ్మ అని చెప్పాను. తల ఊపి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఈ మూడేళ్ళలో ఆదివారం వంట ఎప్పుడూ నేనొక్కదాన్నే చేసుకోలేదు.

ఆ పీటని ఇక్కడ కామ్‌జు అంటారు. ఇక్కడ అంటే గువామ్‌లో. 2022 ఆగస్టులో ఒక హైస్కూల్లో లెక్కల టీచర్‌గా వచ్చాను. పసిఫిక్ సముద్రంలో మరియానా దీవుల వరసలో దక్షిణం చివర ఉంటుంది ఇది. 540 చదరపు కిలోమీటర్ల నేల, 2020 లెక్కల ప్రకారం 1,53,836 మంది మనుషులు. కారులో బయల్దేరితే ఒక్క పూటలో దీవిని చుట్టి రావచ్చు. అమెరికా ఏలుబడిలో ఉన్న దీవి కాబట్టి డాలర్లే నడుస్తాయి, పుట్టిన పిల్లలకి అమెరికా పౌరసత్వం వస్తుంది. కానీ ఇక్కడ ఉండేవాళ్ళకి అమెరికా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు లేదు. గువామ్ అని వెతికితే తూమోన్ బీచి హోటళ్ళ ఫోటోలే వస్తాయి. అవి మీరు ఎక్కడైనా చూడొచ్చు కాబట్టి నేను వాటి జోలికి పోను.

ఇక్కడి మూలవాసులు చమోరోలు. వాళ్ళ భాషలో నానా అంటే అమ్మ, తాత అంటే నాన్న. మొదటి నెలంతా ఈ రెండు మాటలు నా బుర్రలో ఒకదాన్నొకటి తోసుకునేవి. వీధిలో అందరూ ఆవిడని నానా అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను. ఆవిడ నన్ను హగా అంటుంది, అంటే కూతురు. 1938లో పుట్టిన మనిషి. ఆవిడ పేరు ఇక్కడ రాయను, ఆవిడకి ఇష్టం ఉండదు.

ఇంకో చిన్న సంగతి. చమోరోలో ఇంగ్లిష్ వై అక్షరం రాసినచోట జ లాగా పలుకుతారు. అందుకే మ్యాపులో యిగో అని ఉన్న ఊరి పేరు జీగో. కొబ్బరికాయ నిజోక్. నేను పేర్లు చెవికి వినబడినట్టే రాస్తున్నాను.

ఆ ఆదివారం నేను కోరిన కొబ్బరిని నానా గోరువెచ్చని నీళ్ళలో పిసికి పాలు తీసింది. గిన్నెలో అప్పటికే చేమాకులు ఉడుకుతున్నాయి. చేమని వాళ్ళు సుని అంటారు, ఆకుని హాగున్ అంటారు. హాగున్ సుని బాగా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుందని ఆవిడ నాకు జాగ్రత్తగా వివరిస్తుంటే, మా ఇంట్లో చేమాకు వండేటప్పుడు విన్న మాటలే మళ్ళీ వింటున్నట్టు అనిపించింది. ఉడికిన ఆకులో కొబ్బరి పాలు, ఉల్లిపాయ, నిమ్మరసం, దొన్ని అనే చిన్న మంట మిరపకాయలు. చివర్లో ఒక డబ్బా మూత తీసి చెంచాడు పసుపు వేసింది. పసుపు! వేల మైళ్ళ దూరంలో, సముద్రం మధ్యలో, ఒక ముసలావిడ ఆకుకూరలో పసుపు వేస్తోంది. ఎస్కబేచే అనే చేపల పులుపు కూరలో కూడా వేస్తారని తర్వాత తెలిసింది.

దాంతో పాటు ఎర్రన్నం. హినెక్సా అగాగా అంటారు. హినెక్సా అంటే అన్నం, అగాగా అంటే ఎరుపు. అచోటి గింజల్ని నీళ్ళలో నానబెట్టి వేళ్ళతో నలిపితే దిగే రంగు అది. మన దగ్గర జాఫ్రా అంటారే, అవే గింజలు. వాటి సొంత ఊరు అమెరికా ఖండం. 1565 నుంచి 1815 వరకు స్పానిష్ ఓడలు మెక్సికోలోని అకపుల్కో నుంచి మనీలాకి వెళ్తూ గువామ్ దగ్గర ఆగేవి. అచోటి, మిరప, మొక్కజొన్న అన్నీ అమెరికా పంటలే, ఆ స్పానిష్ కాలంలోనే ఈ వంటింట్లోకి చేరాయి. మొక్కజొన్న పిండితో చేసే రొట్టెని తితిజాస్ అంటారు. తాటికల్లు లాంటి కొబ్బరికల్లు, తూబా, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్ళు నేర్పింది.

బియ్యం మాత్రం ఏ ఓడా తెచ్చింది కాదు. ఇది తెలిసినప్పుడు ఒళ్ళు పులకరించింది నాకు. పసిఫిక్‌లోని మిగతా దూరపు దీవుల్లో పూర్వం చేమ, పెండలం, సీమపనస తిని బతికేవాళ్ళు. మరియానా దీవుల్లో మాత్రం స్పానిష్ వాళ్ళు రాకముందే వరి పండించేవాళ్ళు. దీవి ఉత్తరపు కొసన ఉన్న రిటిడియన్ దగ్గర ఒక గుహలో దొరికిన కుండపెంకుల మీద సుమారు 3,500 ఏళ్ళ నాటి వరి ఆనవాళ్ళు ఉన్నాయని 2025లో పరిశోధకులు ప్రకటించారు. తొలి పడవల్లో సముద్రం దాటి వచ్చినవాళ్ళు ధాన్యం వెంట తెచ్చుకున్నారన్నమాట. ఆ వార్త నానాకి చదివి వినిపిస్తే, "మరి తెచ్చుకోరా?" అంది. అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

ఏ అన్నం వడ్డించినా పక్కన ఫినాదెన్ని ఉండాలి. సోయా సాస్, వెనిగర్ లేదా నిమ్మరసం, ఉల్లిపాయ ముక్కలు, నలిపిన దొన్ని. అంతే. అది లేకుండా చమోరో భోజనం మొదలవదు. కెలాగ్విన్ మాత్రం ఓపిక కావాల్సిన వంట. కోడిని కట్టెల మీద కాల్చి, ఎముక తీసి, కత్తితో సన్నగా తరిగి, అందులో నిమ్మరసం, ఉల్లికాడలు, దొన్ని, ఉప్పు కలుపుతారు. పచ్చి కొబ్బరి కోరు సరిగ్గా వడ్డించేటప్పుడే కలపాలి, ముందుగా కలిపితే పులిసిపోతుంది. నేను ఒకసారి మిక్సీలో వేస్తానంటే నానా కత్తి నా చేతిలోంచి తీసుకుని తనే తరిగింది. తిన్నాక ఆవిడదే నిజమని ఒప్పుకున్నాను. ముక్క పంటికి తగలాలి.

ఆ ఏడాది నవంబర్‌లో స్కూల్లో పనిచేసేవాళ్ళతో కలిసి మొదటిసారి అడవిలోకి వెళ్ళాను. చెట్ల మొదట్లో అందరూ ఆగారు. సోషల్ టీచర్ తల వంచి మెల్లగా, "గ్వెల్లా జన్ గ్వెల్లో..." అని మొదలుపెట్టాడు. అవ్వా, తాతా, మీ నేల మీదుగా నడవడానికి మమ్మల్ని అనుమతించండి, మీరు మా నేలకి వచ్చినప్పుడు అడక్కుండానే నడవండి అని దాని భావం. అడవిలో, ముఖ్యంగా నును అనే మర్రిచెట్లలో పూర్వీకుల ఆత్మలు ఉంటాయని చమోరోల నమ్మకం. వాళ్ళని తావుతావుమోనా అంటారు. అడక్కుండా ఆకు తెంపినా ఒళ్ళు వాస్తుందంటారు. మా జట్టులో చర్చికి తప్పకుండా వెళ్ళేవాళ్ళే అందరూ. అయినా ఒక్కరు కూడా ఆ మాటలు అనకుండా లోపలికి అడుగు పెట్టలేదు. నేనూ అన్నాను. అనుమతి అడిగి లోపలికి వెళ్ళడం నాకు చాలా నచ్చింది.

లోపలికి వెళ్ళాక ఓ పావుగంటకి ఏదో తేడాగా ఉందనిపించింది. ఏమిటో వెంటనే తట్టలేదు. ఆకుల చప్పుడు ఉంది, దూరంగా సముద్రం హోరు ఉంది. ఒక్క పిట్ట కూత లేదు. పొద్దున ఏడున్నర, చెట్ల నిండా పచ్చదనం, ఒక్క కూత లేదు. ముందు నడిచేవాడు కర్ర పట్టుకుని మొహానికి అడ్డంగా ఆడిస్తూ నడుస్తున్నాడు. ఎందుకంటే దారికి అడ్డంగా ఎక్కడ చూసినా సాలెగూళ్ళే. పక్క దీవులు సైపాన్, తినియాన్, రోటాలతో పోలిస్తే గువామ్ అడవిలో వానాకాలంలో సాలెగూళ్ళు నలభై రెట్ల దాకా ఎక్కువ అని శాస్త్రవేత్తలు లెక్కపెట్టారు. పురుగుల్ని తినే పిట్టలు లేవు, సాలెపురుగుల్ని తినే పిట్టలూ లేవు.

దీనికంతటికీ కారణం ఒక పాము. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పాపువా న్యూగినీ వైపు దీవుల నుంచి మిలిటరీ సామాన్లతో పాటు గోధుమరంగు చెట్టుపాము వచ్చి పడింది. ఇక్కడి పిట్టలకి చెట్టెక్కే రాత్రిపూట పాము అంటే ఏమిటో తెలియదు. తప్పించుకోవడం రాదు. 1960ల నుంచి దక్షిణాన మొదలై ఒక్కో ఊరు దాటుకుంటూ పిట్టలు మాయమయ్యాయి. రోగమా, పురుగుమందా అని ఏళ్ళ తరబడి తర్జనభర్జన పడ్డారు. 1980లలో జూలీ శావిడ్జ్ అనే పరిశోధకురాలు పామే కారణమని తేల్చింది. అప్పటికే ఆలస్యమైంది. దీవికి సొంతమైన 12 రకాల అడవి పక్షుల్లో 10 రకాలు గువామ్ అడవిలోంచి పోయాయి. సాలి అనే మైనా జాతి నల్లపిట్ట కొన్నిచోట్ల మిగిలింది. గుహల్లో ఉండే చిన్న పిట్ట ఇంకోటి. పక్షులు పోతే గింజల్ని మోసేవాళ్ళు పోయారు. పండు చెట్టు కిందే రాలి, అక్కడే కుళ్ళిపోతోంది.

పాముకి పారాసిటమాల్ పడదని మీకు తెలుసా? మనం జ్వరానికి వేసుకునేదే. 80 మిల్లీగ్రాములు చాలు, అది చచ్చిపోతుంది. చచ్చిన ఎలుకపిల్లల్లో ఆ మందు పెట్టి, చిన్న కాగితపు పట్టీలు కట్టి, హెలికాప్టర్ నుంచి చెట్ల కొమ్మల మీద పడేలా వదులుతారు. నా పిల్లలకి శాతాలు నేర్పేటప్పుడు ఈ లెక్కే ఇస్తాను. ఓడరేవులో, విమానాశ్రయంలో కుక్కలు సామాన్లు వాసన చూస్తాయి, ఈ పాము ఇంకో దీవికి పోకుండా. కరెంటు స్తంభాలెక్కి అది తీగల్ని తగిలినప్పుడల్లా మా వీధి చీకటైపోతుంది. పామంటే నాకు ద్వేషం లేదు. ఇక్కడికి అదేమీ అడిగి రాలేదు. కానీ ఆ అడవిలో నిలబడ్డ పావుగంట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ సాయంత్రం వచ్చి నానాని అడిగాను, చిన్నప్పుడు ఇక్కడ ఏ పిట్టలు ఉండేవని. ఆవిడ తితిజాస్ ఒత్తుతోంది. చేతులు ఆపకుండా చెప్పుకుపోయింది. సిహెక్ ఉండేది, దాల్చినచెక్క రంగు, నీలం రెక్కలు. చేపలు పట్టని లకుముకి పిట్ట అది, బల్లుల్ని మిడతల్ని తినేది, కోడిపిల్లల్ని కూడా పొడుస్తుందని వాళ్ళమ్మ రాయి విసిరేది. ఆగా అంటే కాకి. కోకో ఎగరదు, పరిగెడుతుంది, చేమ మడి కింద దూరి పురుగులేరుకునేది. ఇలా చెప్తూ చెప్తూ ఆగి, "అవి ఎప్పుడు పోయాయో నాకు తెలీదు హగా. ఒకరోజు లేవని తెలిసింది" అంది.

ఆ పేర్లలో ఒకటి ఫనిహి. పండ్లు తినే పెద్ద గబ్బిలం. పండగల్లో దాన్ని కొబ్బరిపాలలో ఉడికించి పెద్దవాళ్ళకి ముందు వడ్డించేవారట. గౌరవం ఇచ్చే వంట అది. నేను మొహం చిట్లించలేదు. ఎవరి పండగ వంట వాళ్ళది. ఇక్కడి గబ్బిలాలు తగ్గిపోతే సమోవా నుంచి, పలావు నుంచి తెప్పించుకునేవారు, అంతర్జాతీయ ఒప్పందంతో తర్వాత అదీ ఆగింది. ఇంకో చిన్న జాతి ఫనిహి ఉండేది, 1968 తర్వాత దాన్ని ఎవరూ చూడలేదు. మిగిలిన పెద్ద ఫనిహిలు కొద్దే, అవి ఎక్కువగా ఎయిర్‌ఫోర్స్ బేస్ కంచె లోపల అడవిలో ఉంటాయి. వాటిని వేటాడటం నేరం. నానాకి ఆ రుచి ఇంకా గుర్తుంది. "కానీ ఇప్పుడు ఎవరైనా తెచ్చిపెట్టినా తినను. అవి ఎగరాలి" అంది.

ఫడాంగ్ గురించి ఆవిడ చాలా రోజుల తర్వాత చెప్పింది. చూడ్డానికి ఈతచెట్టులా ఉండే సైకాడ్ చెట్టు అది. దాని గింజల్లో విషం ఉంటుంది. ముక్కలు కోసి, రోజుల తరబడి నీళ్ళు మార్చి మార్చి నానబెట్టి, ఎండబెట్టి, పిండి విసిరి రొట్టెలు చేసేవారు. తుఫాను తర్వాత, కరువులో అదే ఆధారం. 1941 డిసెంబర్ 10న జపాన్ సైన్యం దీవిని పట్టుకుంది. 1944 జులైలో, అమెరికన్లు దిగే ముందు, చమోరోల్ని వేలమందిని మానెంగ్గోన్ లోయలోని శిబిరానికి నడిపించారు. నానాకి అప్పుడు ఆరేళ్ళు. వానలో నడిచామని చెప్పింది. వాళ్ళమ్మ నడుముకి కట్టుకున్న గుడ్డలో ఫడాంగ్ రొట్టెలు ఉన్నాయని చెప్పింది. అంతకంటే చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆవిడ అన్నయ్య యాభై దాటాక లైటికో జబ్బుతో పోయాడు. ఒళ్ళు ఒక్కో భాగమే సచ్చుబడుతుంది. బోడిగ్ అని ఇంకో రూపం ఉంది, మనిషి బిగుసుకుపోయి మరుపు వస్తుంది. 1950లలో ఈ జబ్బు గువామ్‌లో మిగతా ప్రపంచం కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండేది. ఫడాంగ్ పిండి వల్ల అని కొందరు, ఫడాంగ్ గింజలు తిన్న గబ్బిలాల్ని తినడం వల్ల అని ఇంకొందరు అన్నారు. వాదన తెగలేదు. యుద్ధం తర్వాత చాలా ఏళ్ళకి పుట్టినవాళ్ళలో ఈ జబ్బు దాదాపు కనిపించదు. వాళ్ళని బతికించిన రొట్టే ఆ తర్వాత వాళ్ళని తీసుకుపోయిందేమో అన్న అనుమానంతో ఒక తరం అంతా బతికింది. నానా పెరట్లో ఫడాంగ్ చెట్టు ఒకటి ఉంది. 2003 తర్వాత ఆసియా నుంచి వచ్చిన తెల్ల పొలుసు పురుగు దీవంతా ఈ చెట్ల మీద పడింది, వీటిలో చాలా చచ్చిపోయాయి. ఆవిడ ప్రతి వారం గొట్టంతో ఆకులు కడుగుతుంది. ఎందుకని అడిగితే, "మాకు పెట్టింది కదా" అంది.

ఇంత చెప్పి మంచి రోజుల సంగతి రాయకపోతే ఆవిడ ఒప్పుకోదు.

మన్యాహక్ రోజులు వస్తే ఊరంతా తలమునకలుగా ఉంటుంది. వేలెడంత చేపపిల్లలు, ఏప్రిల్, మే నెలల్లో బహుళ అష్టమి దరిదాపుల్లో పగడపు దిబ్బ దాటి గుంపులుగా ఒడ్డుకి వస్తాయి. సరిగ్గా ఏ రోజు వస్తాయో చంద్రుణ్ణి చూసి ముసలివాళ్ళు చెప్తారు. మగవాళ్ళు మోకాలిలోతు నీళ్ళలో తలాజా పట్టుకుని కదలకుండా నిలబడతారు, అది విసురు వల. నీటి మీద రంగు మారగానే వల గుండ్రంగా విచ్చుకుని పడుతుంది. 2023లో నానా మనవడికి మూడు బకెట్లు పడ్డాయి. సాయంత్రానికి ఇంట్లో ఒకటే మిగిలింది. మిగతావి ఎటు పోయాయని అడగబోయి మానేశాను, వీధిలో ప్రతి ఇంటి ముందూ ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది. నాకూ వచ్చింది. ఉప్పులో ఊరేసి సీసాలో పెట్టుకుంటే నెలలు ఉంటుంది, వేడన్నంలో నిమ్మకాయ పిండుకుని తినాలి. ఎండుచేప అంటే ప్రాణం ఇచ్చేవాళ్ళకి ఇంతకంటే వివరించక్కర్లేదు.

పంచడానికి వాళ్ళ దగ్గర పద్ధతి ఉంది. చెంచులి అంటారు. పెళ్ళి, బాప్తిజం, ఇల్లు కట్టుకోవడం, ఏదైనా సరే, డబ్బో వంటో శ్రమో తీసుకెళ్తారు. ఎవరు ఏమిచ్చారో ఇంటివాళ్ళు నోటుబుక్కులో రాసుకుంటారు, వాళ్ళింట్లో శుభకార్యం వచ్చినప్పుడు తిరిగి ఇస్తారు. మన చదివింపుల పుస్తకం గుర్తొచ్చింది. వీధి చివర పెద్దాయన పోయినప్పుడు తొమ్మిది రాత్రులు ప్రార్థన జరిగింది, తొమ్మిది రాత్రులూ వచ్చినవాళ్ళందరికీ భోజనం. నేను పెద్ద గిన్నెతో పులిహోర తీసుకెళ్ళాను. పసుపు రంగు అన్నం చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. గిన్నె కడిగి తిరిగి ఇచ్చేటప్పుడు అందులో ఆపిగిగి పెట్టారు, లేత కొబ్బరి పిండితో కలిపి అరిటాకులో చుట్టి కాల్చిన తీపి. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని వాళ్ళకీ తెలుసు.

ఆ ఇంట్లోనే మొదటిసారి నేను పెద్దవాళ్ళకి నమస్కారం పెట్టడం సరిగ్గా నేర్చుకున్నాను. పెద్దవాళ్ళ చెయ్యి అందుకుని, తల వంచి, ముక్కుతో తాకాలి. ఆడవాళ్ళయితే న్యోరా అనాలి, మగవాళ్ళయితే న్యోట్. వాళ్ళు దేవుడు నీకు తోడుండాలని దీవిస్తారు. మా స్కూల్లో ఆరడుగుల ఫుట్‌బాల్ కుర్రాడు పార్కింగ్‌లో అమ్మమ్మ కనిపించగానే పరుగెత్తుకెళ్ళి వంగి ఆ చేతికి ముక్కు ఆనించడం చూస్తాను. ఎన్నిసార్లు చూసినా నాకు బాగుంటుంది. నానా చదువుకునే రోజుల్లో క్లాసులో చమోరో మాట నోటి నుంచి వస్తే దెబ్బలు పడేవి. ఇప్పుడు బడిలోనే ఆ భాష నేర్పుతున్నారు. మనవళ్ళు తప్పుగా పలికితే ఆవిడ దిద్దుతుంది, కానీ దిద్దే ముందు ఒక్క క్షణం వాళ్ళ మొహం చూస్తూ ఉండిపోతుంది.

2023 మే 24న మావార్ తుఫాను వచ్చింది. నేను కాంక్రీటు గదిలో పరుపు గోడకి ఆనించుకుని రాత్రంతా కూర్చున్నాను. అంత గాలి శబ్దం నా జీవితంలో వినలేదు. తెల్లారి తలుపు తీస్తే సీమపనస చెట్టు, లెమ్మాయ్ అంటారు, వేళ్ళతో సహా పడిపోయి ఉంది. ఒక్క చెట్టుకీ ఆకు లేదు. బయటి వంటింటి రేకులు పక్క వీధిలో దొరికాయి. కరెంటు లేదు, నీళ్ళు లేవు, నాకు ఒకటే టెన్షన్. నానా ఆకాశం కింద మూడు రాళ్ళు పేర్చి, పడిపోయిన చెట్టు కాయలు ఏరించి, నిప్పుల్లో పడేసింది. లెమ్మాయ్ పైన తోలు నల్లగా మాడితే లోపల వేడి వేడిగా, రొట్టెకీ బంగాళాదుంపకీ మధ్య రుచి. ఫ్రీజర్లలో కరిగిపోతున్న మాంసమంతా ఎవరింట్లోది వాళ్ళు తీసుకొచ్చారు. అయిదారు రోజులు వీధి మొత్తం ఆ రాళ్ళ దగ్గరే తింది. స్పామ్ అనే మాంసం డబ్బాలు కూడా తెరిచారు, గువామ్‌లో స్పామ్ లేని ఇల్లుండదు. మా వీధికి కరెంటు రావడానికి మూడు వారాలు పట్టింది.

కోకో సంగతి చెప్పి ఆపేస్తాను. ఎగరలేని ఆ పిట్ట 1980లలో పూర్తిగా పోబోతుంటే, మిగిలిన కొన్నిటిని పట్టి బోనుల్లో పెంచారు. 2010లో దక్షిణాన మలెస్సో ఊరి ఎదురుగా ఉన్న చిన్న కొకోస్ దీవిలో వదిలారు. అక్కడ, పక్కనున్న రోటాలో అవి పిల్లల్ని పెట్టాయి. 2019లో దాన్ని అడవిలో అంతరించిన జాబితా నుంచి తీసేశారు. సిహెక్‌ని మాత్రం ఇంకా ఇంటికి తేలేకపోయారు. 2024లో తొమ్మిది సిహెక్‌లని వేల కిలోమీటర్ల దూరంలోని పాల్మైరా దీవిలో వదిలారు, ఎందుకంటే అక్కడ పాము లేదు. 2020లో కొకోస్‌లోనూ పాములు కనిపించాయి. వాటిని పట్టే పని జరుగుతోంది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో తోటి టీచర్ వాళ్ళ పడవలో కొకోస్‌కి వెళ్ళాం. గంటన్నర కూర్చున్నాక పొదల్లోంచి అరుపు వినిపించింది, గరగరమని, వరసగా నాలుగైదుసార్లు. గోధుమరంగు వీపు, పొట్ట మీద నలుపు తెలుపు చారలు, ఒక్క క్షణం కనబడి ఆకుల కిందికి పరుగెత్తింది. నేను చూసింది అంతే. ఫోన్లో అరుపు మాత్రం పడింది.

ఆదివారం కామ్‌జు దగ్గర నానాకి వినిపించాను. చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విని తల అడ్డంగా ఊపింది. నేను కంగారుపడి, "కోకోనే నానా, నేను చూశాను" అన్నాను.

"కోకోనే. భయపడి అరుస్తోంది. మిమ్మల్ని చూసి" అంది. "సాయంత్రం ఒకదాన్నొకటి పిలుచుకునే కూత ఇది కాదు."

చేతులు గౌనుకి తుడుచుకుని, చేమ మడి వైపు తిరిగి, నోటితో ఆ కూత కూసింది. మెల్లగా మొదలై పైకి లేచే కూత. ఆగి, మళ్ళీ కూసింది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న మనవరాలు కత్తి ఆపేసి చూసింది. ఆ అమ్మాయికి పందొమ్మిదేళ్ళు, అమ్మమ్మ అలా కూస్తుందని ఆమెకే తెలియదు.

మూడోసారి కూస్తుంటే నేను ఫోన్ నొక్కాను. పదకొండు సెకన్లు ఉంది. మర్నాడు క్లాసులో లెక్కలు మొదలుపెట్టే ముందు పిల్లలకి వినిపించాను. వెనక బెంచీ కుర్రాడు ఇంకోసారి పెట్టమన్నాడు.